ఉత్ప్రేరకం

1835లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ గ్రీకు మూలాల నుంచి 'కెటాలిసిస్' అనే మాట కట్టాడు. అందులోని ధాతువుకు ముడి విప్పడమని అర్థం. మనవాళ్లు దాన్ని మక్కికి మక్కి దించలేదు. 'ప్రేరకం' అంటే పురికొల్పేది. దానికి 'ఉత్' చేర్చి ఉత్ప్రేరకం అన్నారు. రసాయన చర్యను పురికొల్పడమనే అసలు పనికి ఈ మాటే దగ్గరని నాకనిపిస్తుంది.

పాలలో వేసే తోడు కూడా ఇలాంటిదే కదా అంటారు. కాదు. తోడు పెరుగులో భాగమైపోతుంది, ఉత్ప్రేరకం తయారైన పదార్థంలో భాగం కాకుండా మిగిలిపోతుంది.

బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లకు 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తొలిసారి హద్దు పెట్టాక ఈ మాట వాటి దాకా వచ్చింది. అక్కడి ఉత్ప్రేరకం తేనెపట్టులా సన్నని గళ్లున్న దిమ్మ. టైటానియం డయాక్సైడ్ మీద వెనేడియం ఆక్సైడ్ పూత. 300-400 డిగ్రీల వేడి పొగలోకి అమ్మోనియా వదిలితే, ఆ గళ్ల గోడల మీద విషవాయువు దానితో కలిసి మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారిపోతుంది.

తాను మారకుండా మార్పు తెచ్చేది అని పాఠ్యపుస్తకం చెబుతుంది. కానీ ఇక్కడ అది అరిగిపోతుంది. మన బొగ్గులో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి బూడిదే. గరుకైన ఆ బూడిద రాపిడికి గళ్ల అంచులు అరుగుతాయి, కొన్ని పూడుకుపోతాయి. అప్పుడు దిమ్మలు మార్చాల్సిందే.