గాలపు కర్ర కథ: కలకత్తా వెదురు నుంచి కార్బన్ దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించీ, దేవాలయాల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను విద్యుత్ శాఖలో 33 ఏళ్ళపాటు స్తంభాలూ తీగలూ చూసుకున్నవాణ్ణి. అందుకని నాకు అంతుపట్టిన ఒక కర్ర చరిత్ర రాస్తున్నాను. అది సముద్రంలో పెద్ద చేపను పట్టే గాలపు కర్ర.

దీనికో కారణం ఉంది. మా అల్లుడు అండమాన్‌లో, 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో, ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి పగడపు దిబ్బల దగ్గర జెయింట్ ట్రెవల్లీ అనే చేప తిరుగుతుంది. మన తీరంలో పార అని పిలిచే చేపల కుటుంబంలో ఇది పెద్దన్న. 2006లో జపాన్‌లో గాలానికి పడిన ఒక చేప 72.8 కిలోలు తూగి ప్రపంచ రికార్డుకెక్కింది. దీన్ని పట్టడానికి బతికున్న ఎర అక్కరలేదు. మూతి దగ్గర గుంటగా తొలిచిన చెక్క చేపను దూరంగా విసిరి, కుదుపుతూ లాగితే అది నీటి మీద బుడుంగుబుడుంగుమంటుంది. ఆ చప్పుడుకు పెద్ద చేప కింది నుంచి లేచి మీద పడుతుంది. "మామయ్యగారూ, ఈ వేటకు ఏ కర్ర కొనమంటారు?" అని అల్లుడు అడిగాడు. జవాబు చెప్పాలంటే చరిత్ర తిరగేయక తప్పలేదు.

నీటి మీద ఎరను ఆడించడం కొత్త విద్య కాదు. పసిఫిక్ దీవులవారు ముత్యపు చిప్పతో చేసిన గాలాన్ని వెదురు గెడకు కట్టి, అలల మీద పరుగు తీయించి సూర చేపలను పట్టేవారు. మన లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో కూడా గెడలతో సూర చేపల వేట తరతరాల వృత్తి. అయితే ఆ గెడకు చక్రం ఉండదు. ఒక్క ఊపులో చేప పడవలో పడాలి. చక్రం తగిలించిన కర్రతో పెద్ద చేపను అలిసిపోయేదాకా ఆడించే పద్ధతి 19వ శతాబ్దం చివర అమెరికాలో పేరుకెక్కింది. 1885లో ఫ్లోరిడాలో 93 పౌండ్ల టార్పన్ చేప ఇలా దొరికింది. 1898లో కాలిఫోర్నియా దగ్గరి కాటలీనా దీవిలో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ 183 పౌండ్ల ట్యూనాను పట్టి, అదే ఏడాది ట్యూనా క్లబ్బు స్థాపించాడు. కర్ర ఎంత పొడవుండాలి, దారం ఎన్ని పోగులుండాలి అని నియమాలు పెట్టింది ఆ క్లబ్బే. చేపకూ ఒక అవకాశం ఇవ్వాలన్నది వారి ఉద్దేశం.

ఇక్కడే మన దేశం కథలోకి వస్తుంది. 1840లలో పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊళ్ళో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు వెదురును బద్దలుగా చీల్చి, జిగురుతో అతికి కర్రలు చేశాడు. ఆ వెదురు కలకత్తా రేవు నుంచి ఓడల్లో వెళ్ళేది. అందుకే దానికి అక్కడ కలకత్తా కేన్ అని పేరు. దాని మీద కాల్చిన మచ్చలుండేవి. కాలిన చోట నార బలహీనమని పనివారు చాలా భాగం ఏరిపారేసేవారు. 20వ శతాబ్దం మొదట్లో చైనా నుంచి టాంకిన్ వెదురు రాగానే మన వెదురు వెనకబడింది. 1950లో అమెరికా చైనా సరుకును నిషేధించడంతో టాంకిన్ వెదురూ అందకుండా పోయింది.

అప్పటికే గాజునార కర్ర వచ్చేసింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక షేక్స్‌పియర్ కంపెనీ దీన్ని బజారులో పెట్టింది. గాజునార ఎంత వంచినా సులభంగా విరగదు, ఉప్పునీటికి చెడదు. కాని బరువెక్కువ. 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ నార కర్ర తెచ్చింది. విమానాల కోసం అభివృద్ధి చేసిన నార గాలానికి పనికొచ్చింది. తేలిక, గట్టిదనం రెండూ ఉన్నాయి. కాని దెబ్బ తగిలి గీత పడితే చెప్పకుండా పుటుక్కుమంటుంది.

ఇక అల్లుడికి చెప్పిన మాటలు. ఈ వేటలో 100 గ్రాములు దాటిన ఎరను రోజంతా విసరాలి. దూరం పోవాలంటే కర్ర పొడవుండాలి. కాని పొడవే మనకు శత్రువు. కర్ర ఒక మీట. రెండు మీటర్ల అవతల కొసన చేప 10 కిలోల బలంతో అడ్డంగా లాగుతుంటే, కర్ర మొదలు నడుముకు ఆనించి అక్కడికి అరమీటరు ముందు పట్టిన చేతి మీద 40 కిలోల భారం పడుతుంది. కర్ర వంగినకొద్దీ ఆ భారం తగ్గుతుంది. అందుకే కొస కొంచెం వంగాలి, మొదలు గట్టిగా ఉండాలి. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర అడుగుల మధ్య మన ఒడ్డూ పొడవుకు సరిపడేది చూసుకోవాలి. వయసు మళ్ళినవారు ఒక మెట్టు తక్కువ బలం కర్ర తీసుకుంటే నడుము నిలుస్తుంది. అలాగని మరీ మెత్తని కర్ర పనికిరాదు. చేప దిబ్బల్లోకి దూరి దారం తెంపుకుని, నోట్లో గాలంతో తిరుగుతుంది. లేదా గంటసేపు పోరాడి, వదిలేశాక కూడా బతకదు. త్వరగా దగ్గరకు తెచ్చి, ముల్లు నొక్కేసిన గాలంతో పట్టి, నీళ్ళలోనే వదలగలగాలి.

చివరిది మన శాఖ మాట. లైను మీద పనిచేసినవారికి తెలుసు, మనం వాడే ఆపరేటింగ్ రాడ్లు గాజునారవి, కరెంటు పారనివ్వవు. కార్బన్ అలా కాదు, తీగలాగే కరెంటును మోస్తుంది. ఎనిమిదడుగుల కర్ర నిలబెట్టి నడిస్తే కొస నేల నుంచి నాలుగు మీటర్ల దాకా పోతుంది. 11 కె.వి. లైనును తాకనక్కరలేదు, మరీ దగ్గరైనా చాలు. ఇలా ప్రాణాలు పోయిన వేటగాళ్ళు పలు దేశాల్లో ఉన్నారు. ఉప్పునీటితో తడిస్తే గాజునారనూ నమ్మకూడదు. రేవు దగ్గర తీగల కింద కర్రను విడదీసి, పడుకోబెట్టి మోయాలి. ఉరుము వినిపిస్తే కింద పెట్టేయాలి.

మీ ఇళ్ళలో కూడా పిల్లలు ఇలాంటి కర్ర కొంటామంటే వద్దనకండి. ధర అడిగే ముందు ఈ నాలుగు ముక్కలూ చెప్పండి. మనం తీగల కింద నేర్చుకున్నది మనవల చేతుల్లో పనికి రావాలి కదా.