మీసం, గడ్డం, ఫకీరీ: పెనుకొండ సీమ ముస్లింలలో మగతనం

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతపు ముస్లింలలో మతం మెచ్చే మగవాడూ ఊరు మెచ్చే మగవాడూ అన్నిసార్లూ ఒక్కడే కాడు. ఈ పేచీ ఇక్కడ పుట్టింది కాదు. ఇస్లాంకు ముందే అరబ్బులు శౌర్యాన్నీ దాతృత్వాన్నీ కలిపి ‘మురువ్వ’ అన్నారు. మగవాడు అనే అర్థమున్న పదం నుంచి వచ్చిన మాట అది. సూఫీలు ఆ శౌర్యాన్ని అహం మీదికి మళ్లించి ‘ఫుతువ్వ’ అన్నారు. నిషాపూరు సూఫీ సులమీ (మరణం 1021) దానిమీద ఒక గ్రంథమే రాశాడు.

పెనుకొండలో ఆ భావానికి రూపం బాబయ్యస్వామి, అంటే బాబా ఫక్రుద్దీన్. ఆయన సీస్తాన్ రాజని, గద్దె వదిలి ఫకీరై తిరుచిరాపల్లి నథర్ వలీకి శిష్యుడయ్యాడని దర్గా సంప్రదాయం చెబుతుంది. గురువు ఒక ఎండు పుల్ల ఇచ్చి, అది ఎక్కడ చిగురిస్తే అక్కడే ఉండమన్నాడట. అది పెనుకొండలో చిగురించిందట. దూదేకులవారు ఆయన్ని తమవాడిగా కొలుస్తారు. వాళ్ల కులవృత్తిలోనూ విల్లు ఉంది, కాకపోతే అది యుద్ధానికి కాదు, పత్తి ఏకడానికి.

సీమ మగతనం మాత్రం మీసంలో ఉంది. మీసం కత్తిరించి గడ్డం పెంచమని హదీసులు చెబుతాయి. మీసం మెలేసినవాణ్నే మొనగాడన్నది ఇక్కడి ఊరు. 18వ శతాబ్దంలో ఈ సీమనేలిన టిప్పు సుల్తాన్ కూడా చిత్రాల్లో సన్నని మీసంతో, గడ్డం లేకుండానే కనిపిస్తాడు. అంతమాత్రాన ఆయన ముస్లిం కాకుండా పోలేదు. 1920ల్లో మేవాత్‌లో మొదలైన తబ్లీగీ జమాత్ వంటి సంస్కరణోద్యమాలు దక్షిణానికి వచ్చాక గడ్డం మతపు గుర్తుగా గట్టిపడింది, దర్గా మొక్కుల మీద అభ్యంతరాలూ పెరిగాయి.

మొహర్రంలో లెక్క మళ్లీ మారుతుంది. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్లాయప్ప పీరుకు మొక్కుకున్నవాళ్లు కొన్నాళ్లు ‘ఫకీరీ’ పాటిస్తారు: మాంసం, మద్యం, దాంపత్యం మానుకోవాలి. మగతనానికి రుజువులుగా చలామణీ అయ్యేవాటినే పక్కన పెట్టడమన్నమాట. నిప్పుల గుండం తొక్కేటప్పుడు తెగువ చూపినా అది పీరు ఖాతాలోకే పోతుంది. ఇదసలు ఇస్లామేనా అన్న వాదాన్ని అఫ్సర్ మహమ్మద్ 2013లో వెలువడిన తన ఆంగ్ల గ్రంథంలో వివరంగా నమోదు చేశాడు. ఆ వాదంతో పనిలేకుండా అనంతపురం వైపు హిందువులూ ముస్లింలూ కొడుకులకు కుళ్లాయప్ప అని పేరు పెట్టుకుంటూనే ఉన్నారు.