గుంట నుండి గజము వరకు: మంచిర్యాల పరిసర భూముల చరిత్ర

పట్టణము పెరుగుట యనగా జనసంఖ్య పెరుగుట మాత్రమే కాదు. దాని చుట్టునున్న భూమి యొక కొలత నుండి మఱియొక కొలతకు మాఱుటయు నగును. గోదావరి యుత్తర తీరమందలి మంచిర్యాల యీ మార్పును పరిశీలించుటకు తగిన క్షేత్రము. అచ్చటి రైతు తన భూమిని ఎకరములలో, గుంటలలో చెప్పును. కొనవచ్చినవాడు గజములలో అడుగును. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు, లెక్క యొకటియే. అయినను లెక్కతోపాటు భూమి యర్థము మాఱినది. ఈ మార్పులో దేనికి వెల కట్టబడినది, దేనికి కట్టబడలేదు అనునదే యీ వ్యాసమున విచార్యము.

హైదరాబాదు రాజ్యపు రెవెన్యూ పత్రములలో గ్రామభూమి నీటిని బట్టియు, వాడుకను బట్టియు విభజింపబడినది. వర్షాధారమైనది ఖుష్కి, నీటి వసతి గలది తరి. ఈ రెండును పొడి, తడి అను నర్థములు గల పారసీక పదములు. రైతు నోట నవి యేనాడో తెలుగు మాట లైనవి. చెరువు గర్భము శిఖము. నీరు తీసిన పిమ్మట నందు పంట వేయుట కలదు. పశువుల మేతకు విడిచినది బంచరాయి. సాగు లేక విడిచినది పడావు. శిఖము, బంచరాయి సర్కారునకు హెచ్చు రాబడి నిచ్చునవి కావు. అయినను వానికి పేరుండెను. పేరుండుటచే పత్రములలో స్థాన ముండెను. దానివలన నూరి వాడుక కొంతవఱకు నిలిచెను.

కాజీపేట-బల్హర్షా రైలుమార్గము 1929లో పూర్తియై, మద్రాసును ఢిల్లీతో సూటిగా కలిపెను. మంచిర్యాల యా మార్గమున నొక స్టేషను. సమీపమున బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపురము, శ్రీరాంపురము బొగ్గు గనులతో పెరిగినవి. 1958లో మంచిర్యాలయందే సిమెంటు కర్మాగారము వెలసెను. 2016 అక్టోబరు 11న పట్టణము జిల్లా కేంద్ర మాయెను. 2025లో నస్పూరు పురపాలక సంఘమును, హాజీపూరు మండలములోని కొన్ని గ్రామములను కలుపుకొని నగరపాలక సంస్థ యాయెను. ఒక్కొక్క మెట్టున పట్టణము పొలము వైపు జరిగినది.

జర్మను దేశపు అర్థశాస్త్రవేత్త ఫాన్ ట్యూనెన్ 1826లో ప్రకటించిన గ్రంథమున, పట్టణమునకు దగ్గఱయైన కొలది భూమిపై మిగులు హెచ్చునని నిరూపించెను. త్వరగా చెడు పాలు, కూరగాయలు దగ్గఱనే పండును. ధాన్యము దూరమున పండును. ఆయన యూహలో పంటతో పోటీపడునది మఱియొక పంటయే. మన పట్టణముల యంచున పంటతో పోటీపడునది ప్లాటు. వరి పండించు మడి ఏటికి రెండు పంట లిచ్చినను, వెంచరు వారు చెప్పు గజము ధరకు సరిదూగదు. అందుచే ధర పెరుగు నను నాశతో భూమిని బీడుగా నుంచుటయు లాభసాటి యగుచున్నది. పూర్వపు పడావు నేలకు విశ్రాంతి. నేటి పడావు ధరకు నిరీక్షణ.

చట్ట మీ మార్పును గమనింపకపోలేదు. సాగుభూమిని ఇతరావసరములకు మార్చుటకు రుసుము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము విధించినది. అనుమతి పొందిన లేఅవుటులో పదింట నొక వంతు బహిరంగ స్థలముగా విడువవలెను. అనగా నెకరమునకు 484 గజములు. కాని యనుమతి లేని లేఅవుటు లనేకము వెలసినవి. వానిని క్రమబద్ధము చేయుటకై 2020లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన పథకమున, బహిరంగ స్థలము విడువనిచోట ప్లాటు విలువలో 14 శాతము చెల్లింపవలెనను నియమము కలదు. కొన్నవారి కష్టమును బట్టి చూచిన నిది న్యాయమే. అయిన నిందు స్థలము పోయి రుసుము మిగిలినది. నీ రింకుటకు, బాలు రాడుటకు రుసుము చోటు కాజాలదు.

2022 జూలైలో ఈ విషయము ప్రత్యక్ష మాయెను. పొంగిన గోదావరి రాళ్ళవాగు నీటిని లోనికి రానీయక వెనుకకు నెట్టెను, రామనగరు, ఎన్.టి.ఆర్. నగరు మొదలైన వాడలు నీట మునిగెను. అంతటి వరదకు ఇండ్లే కారణ మనుట సరికాదు. నదికే యా యేడు మేర లేకపోయెను. అయినను వాగు గట్టున పొలమున్నచో ఒక పంట పోవును. ఇల్లున్నచో సంసారమే నీటిపాలగును. ఖాళీ నేల నీటికి విడిది యిచ్చినంత కాలము దాని సేవకు వెల లేదు. అది లేని నాడే ఆ వెల తెలిసినది.

ఇందు రైతును నిందించుట తగదు. బిడ్డల చదువునకో, అప్పు తీర్చుటకో అమ్ముకొనువానిని ఊరి మేలు కొఱకు అమ్మవలదనుట సులభము. ఖాళీ నేల మేలు పట్టణమంతయు ననుభవింపగా, దాని నష్ట మొక్క రైతే భరించుచున్నాడు. ఈ యసమత్వమే సమస్యకు మూలము. వాగు గట్టులను, శిఖములను కాపాడదలచినచో వాని సేవకు పట్టణమే వెల చెల్లింపవలెను. నగరపాలక సంస్థలో కొత్తగా చేరిన గ్రామములలో ఇంకను పొలము లున్నవి గనుక ఈ విచారణకు సమయము మించిపోలేదు.

పరిశోధక విద్యార్థులకును ఇందు పని కలదు. పాత పహాణీలలో, వృద్ధుల నోట నిలిచియున్న కుంటల పేర్లు, వాగు మలుపుల పేర్లు, బంచరాయి పేర్లు సేకరింపవలెను. పేరు లేని భూమిని గజములుగా కోయుట సులభము. పేరు గల భూమిని కోయునపుడైన నొకసారి చేయి యాగును.