దిగుమతి పిస్తోలుకు పూచీదారెవ్వరు?

కలకత్తా నగరమునకు దక్షిణమున, చౌరంగీ దాటి కాళీఘాటునకు పోవు దారిలో నున్న భవానీపూర్, హైకోర్టు న్యాయవాదులును, వైద్యులును, జమీందారీ కుటుంబములవారును ఇండ్లు కట్టుకొని స్థిరపడిన పేట. పిస్తోలు నుంచుకొనదలచిన అక్కడి గృహస్థునకు బ్రిటిషువారి కాలమున రెండు గడపలు తొక్కక తప్పకుండెను: లైసెన్సునకై లాల్‌బజారులోని పోలీసు కమిషనరు కచేరి, సరకునకై డల్‌హౌసీ స్క్వేరు పరిసరములలోని తుపాకీ దుకాణము. మొదటి గడప చరిత్ర రాజకీయ గ్రంథములలో విస్తారముగా కలదు. రెండవదాని చరిత్ర, అనగా సముద్రము దాటి వచ్చిన పిస్తోలు చేతిలో మొరాయించిననాడు దానికి పూచీ వహించువాడెవ్వడను ప్రశ్న యొక్క చరిత్ర, అంతగా ఎవ్వరి దృష్టికిని రాలేదు. ప్రాణరక్షణమునకై కొన్న వస్తువు విషయమున ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న లేదని నేను గట్టిగా నమ్ముచున్నాను.

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధముననే ఈ దుకాణములు కలకత్తాలో వేళ్లూనెను. మాంటన్ కంపెనీ 1825లోను, నర్సింగ్ చంద్ర దా కంపెనీ 1835లోను వెలసెను; తరువాత రోడా, లయన్ అండ్ లయన్, వాల్టర్ లాక్ వంటి సంస్థలు వచ్చి చేరెను. ఇంగ్లండులో తయారైన సరకును ఓడలమీద తెప్పించి అమ్ముటయే వీరి ప్రధాన వ్యాపారమైనను, అమ్మిన సరకు చెడినప్పుడు దానిని విప్పి చూచి బాగుచేయగల పనివారిని దగ్గర నుంచుకొనుటయే ఇట్టి దుకాణమునకు అసలైన పెట్టుబడి. ఏలయన వంగదేశపు వర్షర్తువునందు గాలియే ఇనుమును తుప్పు పట్టించును. నల్ల తుపాకిమందు తూటాలు కాల్చిన గొట్టమును ఆ పూటయే కడిగి తుడిచి నూనె పూయకున్న లోపల గుంటలు పడును. అట్టి శీతోష్ణస్థితిలో, వేల మైళ్ల దూరమున నున్న తయారీదారుని కీర్తికంటె రెండు వీధుల అవతల నున్న పనివాని నేర్పే యజమానికి ఎక్కువ అక్కఱకు వచ్చెడిది.

సరకు నాణ్యమునకు ఆ కాలమున లభించు ఆధారము గొట్టముపై కొట్టిన పరీక్షాముద్ర. మామూలు తూటాకంటె అధికమైన ఒత్తిడి పుట్టించు మందును దట్టించి కాల్చి, గొట్టము పగులక, ఉబ్బక నిలిచినచో దానిపై ముద్ర వేయుట ఆ పరీక్ష యొక్క స్వరూపము. లండను తుపాకీకారుల సంఘమునకు 1637లోనే రాజశాసనము లభించెను. బర్మింగ్‌హాము పరీక్షాగృహము 1813 నాటి చట్టముచే ఏర్పడెను. 1868 నాటి చట్టము ఆ విధానమును మఱింత కట్టుదిట్టము గావించెను. అయితే ఆ ముద్ర చెప్పునది ఒక్కటే: గొట్టము చేతిలో పగులదని. మీట నొక్కిన ప్రతిసారి తూటా పేలునా, స్ప్రింగు ఐదేండ్ల తరువాత బిగి సడలకుండునా, విరిగిన ఫైరింగ్ పిన్నుకు మాఱు దొరకునా అను ప్రశ్నలకు ముద్ర ఉత్తరమీయదు. చవుక పిస్తోలు కొనువారు నాడును నేడును ఈ భేదమును విస్మరించుచునే యున్నారు.

చవుక సరకునకు పందొమ్మిదవ శతాబ్దమున పుట్టినిల్లు బెల్జియములోని లియేజ్. అక్కడ పరీక్షలు లేకపోలేదు. 1810లో నెపోలియన్ శాసనముచే అవి నిర్బంధమైనవి కూడ. కాని వెబ్లీ కంపెనీ 1872లో వెలువరించిన బుల్‌డాగ్ అను పొట్టి రివాల్వరు ప్రసిద్ధి కెక్కగానే, దాని ఆకృతిని అనుకరించిన సరకు లియేజ్‌లోని చిన్న చిన్న కర్మశాలలనుండి వెల్లువయై వెలువడెను. వానిలో కొన్ని మంచివి, కొన్ని నాసివి. ఏది యేదియో పైకి చూచి పోల్చుకొనుట సామాన్యునకు సాధ్యము గాదు. పేరు గల ఆంగ్ల సంస్థల నామములను ఒకటి రెండక్షరములు మార్చి చెక్కిన తుపాకులును విపణిలోనికి వచ్చెను. తప్పుడు గుర్తులతో వచ్చు విదేశ సరకును అరికట్టుటకై భారతదేశమున 1889లో వాణిజ్య చిహ్నముల శాసనము వెలసినది. అది మోసము నడ్డుకొనుటకు పనికివచ్చెను గాని, నిజమైన పేరుతోనే వచ్చిన నాసి సరకును ఏమియు చేయజాలకపోయెను.

లియేజ్ తరువాత ఆ స్థానము స్పెయిన్‌లోని ఏబర్ పట్టణమునకు దక్కెను. 1915లో ఫ్రెంచి సైన్యము గాబిలోండో అను సంస్థతో రూబీ అను 7.65 మిల్లీమీటర్ల పిస్తోలుకై ఒడంబడిక చేసికొనెను. కోరిన సంఖ్య ఆ సంస్థ శక్తికి మించుటచే పని పలు కర్మశాలలకు పంచబడెను. బ్రౌనింగ్ నమూనా ననుసరించిన ఆ పిస్తోళ్లన్నియు చూపునకు ఒక్కటే. ఒక కర్మశాల మేగజైను మఱియొక కర్మశాల పిస్తోలులో సరిగా ఇమిడెడిది కాదు. అందుచే ఏ మేగజైను దేనిదియో తెలియుటకు రెండక్షరముల గుర్తులు కొట్టవలసి వచ్చెను. యుద్ధానంతరము అవియు, వాని తోబుట్టువులును ప్రపంచమంతట చవుకగా చెల్లుబాటైనవి. స్పెయిన్‌లో పరీక్ష నిర్బంధమగుట 1923లో గాని జరుగలేదు. మేగజైను పోగొట్టుకొన్న యజమానికి ఆ రెండక్షరముల కర్మశాల అప్పటికే మూతపడియున్నచో, చేతిలో మిగులునది ఒక్కొక్క తూటాగా పెట్టి కాల్చుకొను ఇనుపముక్క మాత్రమే.

కలకత్తాలో దిగుమతి పిస్తోలు అనగానే ప్రతి వంగీయునకును స్ఫురించునది 1914 ఆగస్టు 26. ఆనాడు రోడా కంపెనీ గుమాస్తా శ్రీశచంద్ర మిత్ర కస్టమ్స్ గిడ్డంగినుండి 202 పెట్టెలు విడిపించి, 192 మాత్రమే కంపెనీకి చేర్చెను. మిగిలిన పదింటిలో 50 మౌజరు పిస్తోళ్లును 46,000 తూటాలును ఉండెను. పిస్తోలు నుంచు కొయ్య ఒరనే పిడికి తగిలించి భుజమున ఆనించి కాల్చుటకు వీలైన ఆ ఆయుధములలో 44 తొమ్మిది విప్లవ సంఘములకు పంచబడెననియు, 54 సంఘటనలలో వాడబడెననియు, 31 తిరిగి పట్టుబడెననియు 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక చెప్పుచున్నది. 1915 సెప్టెంబరులో బాలాసోరు కడ విప్లవనాయకుడు జతీంద్రనాథ ముఖర్జీ పోరినది మౌజరులతోనే. 1916 జూన్ 30న భవానీపూరులో, శంభునాథ పండిత వీధి ప్రాంతమున, గూఢచారి శాఖ డిప్యూటీ సూపరింటెండెంటు వసంతకుమార ఛటర్జీ పట్టపగలు విప్లవకారులచే కాల్చి చంపబడెను.

ఈ చరిత్రను నేనిచట స్మరించుట వీరగాథ చెప్పుటకు గాదు; మంచి ఆయుధమైనను పూచీదారు లేనిచో దాని యజమాని యెట్టి సంకటమున పడునో ఇంత స్పష్టముగా చూపు సందర్భము వేఱొకటి లేదు. మౌజరు నాణ్యమున శ్రేష్ఠము. కాని ఆ పెట్టెలు గిడ్డంగి వెడలునాటికి జర్మనీతో యుద్ధము మొదలై మూడు వారములైనది, తయారీదారుడు శత్రుదేశస్థుడు, తూటాలు తెచ్చుకొన్న 46,000 మాత్రమే, స్ప్రింగు విరిగినచో ఏ దుకాణమునకు పోవుటకును వీలులేదు. అంతకు ముందు ఫ్రెంచి పాలనలోని చందర్‌నగరు ద్వారమున, ఫ్రాన్సులోని సెంట్ ఎతియెన్ కేటలాగులు చూచి టపాలో రివాల్వరులు తెప్పించుకొన్న యువకుల స్థితియు నిట్టిదే. 1932 ఫిబ్రవరి 6న కలకత్తా విశ్వవిద్యాలయపు సెనేటు హాలులో గవర్నరు జాక్సనుపై విప్లవకారిణి బీనా దాస్ కాల్చిన రివాల్వరును కమలా దాస్‌గుప్తా 280 రూపాయలకు రహస్యముగా సంపాదించెను. అట్టి కొనుగోలులో వెల యెంతైనను, సరకు మంచిచెడ్డల నడుగుటకు చోటు లేదు. దేశముకొఱకు ప్రాణములొడ్డిన ఆ పిల్లలకు ఆ సంకటము విధిలిఖితము. లైసెన్సు చేతబూని రాజమార్గమున పోవు గృహస్థుడు దానిని కోరి తెచ్చుకొననేల?

స్వాతంత్ర్యానంతరము 1959 నాటి ఆయుధ చట్టము, 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చి, ఆయుధములను అమ్ముటకే గాక మరమ్మతు చేయుటకును, పరీక్షించుటకును లైసెన్సు నిర్బంధము గావించెను. దిగుమతికిని ఎగుమతికిని వేఱు అనుమతులు విధించెను. దీని ఫలితమును కొనుగోలుదారులు తగినంతగా గ్రహింపరు. చెడిపోయిన గడియారమును వలె పిస్తోలును పొట్లముకట్టి విదేశమునందలి కర్మాగారమునకు పంపుట సాధ్యము గాదు. వీధిచివరి యంత్రకారునిచే విప్పించుట నేరము. కావున విదేశపు కంపెనీ కాగితముపై వ్రాసియిచ్చు జీవితకాలపు పూచీ, లైసెన్సు గల మరమ్మతుదారుని చేతిలో మాఱుభాగములు లేనంతవఱకు, కాగితమే.

1980ల మధ్యకాలమున సామాన్యులకు తుపాకుల దిగుమతి నిలిచిపోయిన తరువాత విపరీత పరిణామ మొకటి సంభవించెను. అన్యదేశములలో సామాన్యమైనదిగా ఎంచబడు పాత పిస్తోలు ఇక్కడ చేతులు మాఱుచు లక్షల రూపాయలు పలుకసాగెను. యాభై యేండ్లనాటి స్ప్రింగులతో, తయారీదారుడు మఱచిపోయిన నమూనాలతో, అది దిగుమతి సరకను గౌరవమొక్కటే పెట్టుబడిగా అమ్ముడుపోవుచున్నది. కాన్పూరు .32 రివాల్వరును, అశని అను .32 పిస్తోలును మెఱుగు విషయమున విమర్శింపవచ్చును. వాని మాఱుభాగములు దేశములోనే పుట్టుచున్నవను సంగతిని మాత్రము తేలికగా త్రోసివేయరాదు. 2020లో వెబ్లీ స్కాట్ సంస్థ హర్దోయి జిల్లా సండీలాలో రివాల్వరుల తయారీ మొదలిడెను. అదే సంవత్సరము బ్రెజిలుకు చెందిన టారస్ కంపెనీ జిందాల్ వర్గముతో భాగస్వామ్యము ప్రకటించెను. చవుక దిగుమతి పిస్తోళ్లకు అమెరికాలో పేరుమోసిన ఆ టారస్, క్రింద పడినప్పుడు తమంత తామే పేలుననిన ఆరోపణపై తొమ్మిది నమూనాలకు సంబంధించిన దావాను, తప్పు నంగీకరింపకయే, 2015లో రాజీ చేసికొనెను. దానికి లోబడిన పిస్తోళ్లు సుమారు పది లక్షలు. అక్కడ కొనుగోలుదారుడు న్యాయస్థానమునకు ఎక్కగలిగినది తయారీదారునకు ఆ దేశములోనే సంస్థ యుండుటచేత.

నేడు దిగుమతి పిస్తోలు నాణ్యపు సమస్య మన యువతకు సూటిగా తగులునది క్రీడారంగమున. హైదరాబాదునకు చెందిన ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టు పోటీలో స్వర్ణము గెలిచిన నాటినుండి, ఆ విద్య నభ్యసింపగోరు తెలుగు పిల్లల తలిదండ్రులనేకులు మొదట అడుగునది పది మీటర్ల ఎయిర్ పిస్తోలు వెలయే. 0.177 బోరు మించక, 20 జౌళ్ల శక్తికి లోబడిన ఎయిర్ ఆయుధమునకు 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము లైసెన్సు అక్కఱలేదు. కావున వాడిన విదేశ పిస్తోళ్లు చేతులు మాఱుట సులభము. స్టయర్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ వంటి సంస్థల పిస్తోళ్లకు ఉండు గాలి సిలిండరుపై తయారీ తేదీ చెక్కబడి యుండును. దాని ఆయుర్దాయము సాధారణముగా పదేండ్లు. సగము వెలకు వచ్చినదని మురిసి కొన్న పిస్తోలు సిలిండరుపై ఆ తేదీ దాటియున్నచో, సుమారు 200 బారుల ఒత్తిడి గల గాలిని పదునాలుగేండ్ల బిడ్డ చేతిప్రక్కన నింపుచున్నామని తండ్రి తెలిసికొనవలెను. సిలిండరు తేదీ చదివి, సీళ్లు మార్చు పనివాడు ఏ ఊర నున్నాడో విచారించి, క్రొత్త సిలిండరు వెలను బేరపు వెలకు కలిపి చూచిన పిమ్మటనే డబ్బు చెల్లింపవలయును.