నవ్వే ఆడదాని గీత

నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్నీ నమ్మరాదంటారు. కాశీబుగ్గ జీడి బట్టీలో మా అమ్మతో పాటు పిక్కలు కొట్టే ఆడవాళ్లు పగలబడి నవ్వితే మేస్త్రి ఈ సామెతే విసిరేవాడు. చేతులకు బూడిద రాసుకున్నా జీడి రసానికి వేళ్లు నల్లబడేవి, తోలు ఊడేది. అయినా వాళ్లు నవ్వు మానలేదు. అలాంటి నవ్వుకు పత్రికల్లో చోటు సంపాదించిన మనిషి కార్టూనిస్టు రాగతి పండరి.

1960, 70ల నాటి వారపత్రికలు ఆడవాళ్ల కలం మీదే నడిచాయి. రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం జనం ఎదురు చూసేవారు. మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకున్న కాలమది. కానీ ఆ కథలకు బొమ్మలు వేసింది మాత్రం దాదాపు అందరూ మగవాళ్లే. ఇక కార్టూన్ల సంగతి చెప్పనక్కర్లేదు: అప్పడాల కర్ర ఎత్తిన పెళ్లాం, చీర కోసం అలిగిన పెళ్లాం, గయ్యాళి అత్త. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ చక్కటి చిత్రాలు వేశారు, నిజమే. అయితే ఆడపిల్ల బొమ్మలు వేస్తే మురిసిపోయే ఇల్లే, ఆమె మగవాణ్ని చూపించి నలుగురినీ నవ్విస్తే ఊరుకోదు.

పండరి 1965లో విశాఖపట్నంలో పుట్టారు. పసితనంలోనే పోలియో సోకింది. కాళ్లు ఆడని ఆడపిల్లను చుట్టాల కంట పడకుండా వెనక గదిలో ఉంచే రోజులవి. ఆమె ఎనిమిదో ఏటి నుంచే కార్టూన్లు గీశారు. కార్టూనిస్టు జయదేవ్ గీత ఆమెకు స్ఫూర్తి. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా పేరు నిలబెట్టుకున్నారు, 'నా గురించి నేను' అని తన కథ తనే రాసుకున్నారు. 2015 ఫిబ్రవరిలో కన్నుమూశారు, యాభై ఏళ్లు నిండకుండానే.

మా అమ్మకు చదువు రాదు. సీరియల్ అయితే నేను చదివి వినిపించాలి, కార్టూన్‌కు ఆ అవసరం లేదు. ఒకసారి పండరి కార్టూన్ చూపించాను. అమ్మ నల్లటి వేలు బొమ్మ మీద ఆనించి, "ఓలమ్మా, ఇది మనింటి బాగోతమే కదే!" అంది. గీసింది ఆడమనిషని చెబితే మళ్లీ చూసింది. కట్నం కింద ఎకరం జీడితోట అడిగే ఊళ్లో, అది తప్పని బయటికి అనలేని ఆడవాళ్ల మధ్య, ఆ బొమ్మ చేసిన పని ఉపన్యాసాలు చెయ్యలేవని నా నమ్మకం.

మే 20న, తెలుగులో తొలి కార్టూనిస్టు తలిశెట్టి రామారావు పుట్టినరోజున, తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం జరుపుతారు. అప్పటికి బడికి సెలవులు. అందుకని టెక్కలిలో నా డ్రాయింగు క్లాసులో జూన్‌లో ఆ పని పెట్టుకుంటాను. ఇంట్లో మీకు నవ్వొచ్చిన సంగతి గీయండర్రా అంటాను. నిరుడు ఒకమ్మాయి, వంటింట్లో ఉప్పు డబ్బా ఎదురుగా పెట్టుకునే "ఉప్పెక్కడే?" అని కేకలేస్తున్న నాన్నను వేసింది. కింద పేరు రాయడానికి జంకింది. ఇంటిపేరుతో సహా రాయించాను.