చూసిపోదామని వచ్చిన దొర

2027 జులై 6కి ఒకప్పటి మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో పోయి రెండు వందల ఏళ్లు నిండుతాయి. చెన్నపట్నంలో గుర్రమెక్కిన ఆయన విగ్రహాన్ని అందరూ చూస్తారు. ఆయన్ను మొదట మట్టి చేసిన అనంతపురం జిల్లా గుత్తికి మాత్రం పెద్దగా ఎవరూ పోరు. హంపికో లేపాక్షికో పోయే కార్లు నలభై నాలుగో నంబరు రహదారి మీద గుత్తిని దాటుకుంటూ వెళ్లిపోతాయి.

గుత్తి చరిత్ర పాతదే. పక్కనే ఎర్రగుడి బండల మీద అశోకుడు శాసనాలు చెక్కించాడు. అక్కణ్ణుంచి వెయ్యేళ్లకు పైగా ఒక్క గంతు వేస్తే చాళుక్యుల శాసనాల దగ్గర కాలు ఆనుతుంది. ఇంకో గంతు వేస్తే బుక్కరాయల కాలం. కోటలన్నిటికీ గుత్తి కోట రాజని అప్పటి శాసనం పొగిడింది. తర్వాత మరాఠా మురారిరావు ఏలాడు. 1776లో హైదర్ అలీ ముట్టడి వేస్తే ఆయన నెలల తరబడి నిలబడ్డాడు. చివరికి కొండ మీద నీళ్లు అడుగంటి కోట అప్పజెప్పాడు. కరువుసీమలో కోటైనా కాపురమైనా నీళ్లున్నంత వరకే.

1800లో, అప్పటికి తన చేతికొచ్చిన ఈ ప్రాంతపు జిల్లాలను నిజాం ఇంగ్లీషు కుంపిణీకి రాసిచ్చాడు. వాటికే దత్తమండలాలని పేరు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో ఏడేళ్లు గుడారాల్లో ఊరూరా తిరిగాడు. పాళెగాళ్లను అణిచాడు, పొలాలు కొలిపించాడు, రైతు పేరునే శిస్తు నిర్ణయించాడు. శిస్తు మరీ బరువైందని, నాలుగో వంతు తగ్గించమని 1807లో పైకి రాశాడు. పైవాళ్లు చెవిన పెట్టలేదు. 1820లో మద్రాసు గవర్నరై వచ్చాక ఆ పని తనే చేశాడు. శిస్తు వసూలు చేసిన దొర పేరును మనవాళ్లు పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పెట్టుకోవడం వెనక ఈ కథంతా ఉంది.

1827 నాటికి ఉద్యోగం చాలించుకోవాలనుకున్నాడు. జబ్బుపడిన కొడుకును తీసుకుని భార్య అంతకుముందే ఇంగ్లండు చేరింది. కొత్త గవర్నరు వచ్చేదాకా ఆగాలి గనక, ఈలోగా తన పాత జిల్లాలను కడసారి చూసిపోదామని మే నెలాఖరులో బయల్దేరాడు. శిస్తు కోసమో దండయాత్రకో గాక, ఊరికే చూడాలనిపించి ఈ నేలకు వచ్చిన పాలకుడు నాకు తెలిసి ఆయనొక్కడే. దారంతా కలరా. గుత్తి చేరేసరికి వెంట ఉన్న సిపాయిలకూ అంటుకుంది. జులై 6న పత్తికొండ మజిలీలో ఆయనకే తగిలింది, రాత్రికల్లా ప్రాణం పోయింది. మర్నాడు గుత్తికి తెచ్చి కోట కింద పాతిపెట్టారు. 1831లో అస్థికలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలిపోయాయి. ఆయన పేరిట గుత్తిలో సత్రం కట్టారు, పత్తికొండలో రాతిమెట్ల బావి తవ్వి చింతతోపు వేశారు. విగ్రహం కన్నా ఆ బావే నాకు ముద్దు.

జనం కట్టుకున్న కథ ఇంకా బాగుంటుంది. కడప జిల్లా గండిలో, పాపాఘ్ని నది మీద రాముడి కోసం కట్టిన బంగారు తోరణం దొర కంటబడిందట. అది కనబడితే ఆయుష్షు తీరినట్టేనట. మంత్రాలయంలోనైతే రాఘవేంద్రస్వామి సమాధి నుంచి లేచొచ్చి ఆయనతో మాట్లాడాడంటారు. శిస్తులు వేసిన దొరకు దేవుళ్ల దర్శనమిప్పించిన పెద్దమనసు మన సీమది.

ఆ తర్వాతి కథ వరుసలో నిలవదు. రైలొచ్చి గుత్తి జంక్షనైంది. 1882లో బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా పుట్టింది. 1928లో దత్తమండలాల పేరు పోయి రాయలసీమ వచ్చింది. 2022లో జిల్లా మళ్లీ చీలి లేపాక్షి, పెనుకొండ సత్యసాయి జిల్లాకు పోయాయి. ఆ పెనుకొండ దగ్గరే 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కొరియావాళ్లు కాపురాలు పెట్టారు, వాళ్ల వంటల హోటళ్లూ వచ్చాయి. దీన్ని ఏ యుగం కింద రాయాలో నాకు తోచడం లేదు.

రెండు వందల ఏళ్ల పేరుతో ఎవరైనా ఇంకో విగ్రహం పెడతామంటే వద్దనండి. కోట మీద తాగునీళ్లకు ఏర్పాటు చేయమనండి. ఎక్కేవాళ్లు ఇప్పటికీ సీసాలు మోసుకుపోతున్నారు. హైదర్ అలీ మళ్లీ వస్తే ఈసారి సాయంత్రానికే కోట దక్కుతుంది.