జీపు వంశం, నాన్నగారి లాగుబుక్కు

2025లో నేనొక కొత్త ఎస్‌యూవీ కొన్నాను. అయిదేళ్ళకో బండి మార్చే ఈ రోజుల్లో, దీన్ని పదిహేనేళ్ళయినా ఉంచుకోవాలన్న సంకల్పంతో కొన్నాను. కొనే ముందు అందరిలాగే ధరలూ, మైలేజీలూ, భద్రతా నక్షత్రాలూ పోల్చి చూసుకున్న మాట నిజమే. కాని నా నిర్ణయాన్ని మలచినవి ఆ పట్టికలు కావు. ఒకటి, జీపు అనే వాహనపు చరిత్ర. రెండు, మా నాన్నగారు రాసిపెట్టిన ఒక నోటుపుస్తకం. ఆ రెండూ ఒకే సంగతి చెబుతున్నాయని గ్రహించేలోగా నేనొక బండిని పోగొట్టుకున్నాను.

నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరు. నా బాల్యం నాగార్జునసాగరు హిల్ కాలనీలోనూ, ఆ తరువాత ఎడమ కాలువ వెంట ఉన్న క్యాంపుల్లోనూ గడిచింది. 1970లలో ఆ కాలువ గట్ల మీద తిరగగలిగిన వాహనం జీపు ఒక్కటే. దాని డ్రైవరును మేము చాచా అని పిలిచేవాళ్ళం. తెల్లవారుజామునే బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్కు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేవారు. రేడియేటరులోకి కాలువ నీళ్ళను గుడ్డలో వడగట్టి పోసేవారు. చేతిపంపు నీళ్ళను దాని దరిదాపులకు రానిచ్చేవారు కాదు. "ఈ నీళ్ళు తాగితే మన పళ్ళే ఖరాబైతున్నయి, బండి ఏం బతుకుతది బేటా?" అనేవారు. నల్లగొండ నీళ్ళ సంగతి ఎరిగినవారికి ఆ మాట వివరించనక్కరలేదు. పళ్ళను పాడుచేసేది ఫ్లోరైడు, రేడియేటరును పూడ్చేది సున్నపు లవణాలు. కారణం వేరైనా చాచా తీర్పు మాత్రం సరైనదే.

సాయంత్రం బండి నిలిపాక లాగుబుక్కు తెరిచేవారు. బయలుదేరిన మీటరు, చేరిన మీటరు, పోసిన పెట్రోలు, వేసిన ఆయిలు రాసి నాన్నగారి సంతకం తీసుకునేవారు. అది సర్కారువారి ఆడిటు కోసం పుట్టిన తతంగమని నేను చాలాకాలం అనుకున్నాను. దాని వెనుక ఇంకో చరిత్ర కూడా ఉందని తరువాత తెలిసింది.

1940 వేసవిలో అమెరికా సైన్యం ఒక తేలికపాటి గస్తీ వాహనం కావాలని 135 కంపెనీలకు పిలుపు పంపింది. గడువు అతి స్వల్పం. ముందుకు వచ్చినవి రెండే. అందులో చిన్నదైన బాంటమ్ కంపెనీ, కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు సహాయంతో, 49 రోజుల గడువులో నమూనాను తయారుచేసి ఆ సెప్టెంబరులో అప్పగించింది. అయితే అంత చిన్న కంపెనీ వేలకొద్దీ బండ్లు చేయగలదన్న నమ్మకం సైన్యానికి లేకపోయింది. ప్రధాన కాంట్రాక్టు విల్లీస్ కంపెనీకి దక్కింది. ఆ విల్లీస్ నమూనానే ఫోర్డు కంపెనీ చేత కూడా చేయించారు. యుద్ధం ముగిసేసరికి రెండు కంపెనీలూ కలిసి దాదాపు 6,40,000 జీపులు చేశాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. విల్లీస్ జీపు భాగాన్ని ఫోర్డు జీపుకు బిగించవచ్చు, ఫోర్డు భాగాన్ని విల్లీస్‌కు బిగించవచ్చు. యుద్ధభూమిలో మూడు విరిగిన జీపుల నుండి ఒక నడిచే జీపును తయారుచేసుకోవచ్చు. దాని దీర్ఘాయుష్షు ఇంజను బలంలో ఎంత ఉందో, ఈ ఒకే అచ్చులో పోసిన తనంలో కూడా అంతే ఉంది.

రెండో రహస్యం కాగితం మీద ఉంది. జీపుతో పాటు సైన్యం ఇచ్చిన కరదీపికలో డ్రైవరు విధులను ప్రయాణానికి ముందు, ప్రయాణంలో, మజిలీలో, ప్రయాణం తరువాత అని విభజించి రాశారు. ఆయిలు, నీళ్ళు, టైర్లలో గాలి, కారుతున్న చుక్కలు, వదులైన బోల్టులు, అన్నిటికీ వేళ నిర్ణయించారు. మెకానిక్కు దగ్గరికి పోకముందే బండికి మొదటి వైద్యుడు డ్రైవరే అన్నది ఆ పుస్తకపు సిద్ధాంతం. సైనికులు ఇటువంటి పుస్తకాలు చదవరని తెలిసి, వాహన పోషణను బొమ్మల కథలుగా చెప్పే పని విల్ ఐస్నర్ అనే చిత్రకారునికి అప్పగించారు. యుద్ధకాలంలో ఆయన సృష్టించిన జో డోప్ అనే సోమరి సైనికుడు బండిని ఎన్ని విధాలుగా పాడుచేయవచ్చో చేసి చూపించేవాడు. 1951లో ఈ పని కోసమే పీఎస్ అనే మాసపత్రిక మొదలైంది. దానికి ఐస్నర్ రెండు దశాబ్దాలు బొమ్మలు వేశారు. తరువాత గ్రాఫిక్ నవలకు పేరు తెచ్చినవారిలో ఒకరైన కళాకారుడు తన జీవితంలో అంత భాగం ఇంజనాయిలు గురించి చెప్పడానికి వెచ్చించారంటే, ఆ సైన్యం పోషణకు ఎంత విలువనిచ్చిందో ఊహించుకోవచ్చు.

యుద్ధం ముగిశాక జీపు వంశం దేశదేశాలకు పాకింది. 1948లో ఇంగ్లండులో వచ్చిన ల్యాండ్ రోవరు ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం జీపుకు ఉన్నట్టే 80 అంగుళాలు. 1951లో జపానులో టయోటా చేసిన బండికి మొదట జీపు పేరే ఉండేది; 1954లో అది ల్యాండ్ క్రూయిజరు అయింది. మన దేశంలో, 1945లో ఉక్కు వ్యాపారం కోసం మహీంద్రా అండ్ మహమ్మద్ పేరిట ఏర్పడిన సంస్థ జీపుల కూర్పు చేపట్టింది. భాగస్వామి గులాం మహమ్మద్ దేశవిభజనతో పాకిస్తాను వెళ్ళి అక్కడ ఆర్థికమంత్రీ, తరువాత గవర్నర్ జనరలూ అయ్యారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. అమెరికాలో 1968లోనే ఆగిపోయిన సీజే-3బీ నమూనా సంతతి మన దేశంలో ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు తయారైంది. మా చాచా తుడిచిన జీపు ఆ కుదురుదే.

కొనేటప్పుడు చూసుకోకపోతే ఏమవుతుందన్న పాఠం కూడా స్వతంత్ర భారతానికి జీపే నేర్పింది. 1948లో, కాశ్మీరు యుద్ధం నడుస్తుండగా, లండనులోని మన హైకమిషనరు వి.కె. కృష్ణ మీనన్ సైన్యం కోసం వాడిన జీపులకు సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. సొమ్ములో చాలాభాగం ముందే చెల్లించారు. చేరినవి 155; అవి కూడా పనికిరానివన్న విమర్శ వచ్చింది. తిరుచానూరులో పుట్టి, తరువాత లోక్‌సభ స్పీకరైన అనంతశయనం అయ్యంగారు ఆ వ్యవహారంపై విచారణ సంఘానికి నాయకత్వం వహించారు. 1955లో ప్రభుత్వం ఆ అధ్యాయాన్ని మూసివేసింది. రాజకీయాల మాట అటుంచితే, బండి చేతికి రాకముందే పూర్తి సొమ్ము ఇవ్వరాదన్న నీతి నేటి షోరూములో కూడా చెల్లుతుంది.

మన రోడ్ల మీద జీపు క్రమంగా కుటుంబ వాహనమైంది. 1991లో టాటా సియెరా, 1994లో సుమో, 1998లో సఫారీ; ఇటు మహీంద్రా నుండి 2000లో బొలేరో, 2002లో స్కార్పియో వచ్చాయి. ఇవన్నీ నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం మీద కట్టిన బండ్లు. పదేళ్ళు గడిచాక ఎస్‌యూవీ అన్న మాటకు అర్థం మారింది. 2006 బడ్జెటు నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తగ్గించింది. ఆ కొలతలోకి ఇమిడేటట్టు 2013లో ఎకోస్పోర్టు, 2016లో బ్రెజ్జా వచ్చాయి. చూడడానికి జీపు ఠీవి ఉన్నా, నిర్మాణంలో ఇవి కార్లే. వేరే చట్రం ఉండదు. శరీరమే ఎముకల గూడు. నగరవాసికి ఇవే మేలు: తేలికగా ఉంటాయి, కుదుపు తక్కువ, ఇంధనం తక్కువ. గతుకుల దారిలో నిత్యం బరువు మోయవలసినవారికి చట్రం ఉన్న బండి మేలు. పేరును చూసి కాక, తమ దారిని చూసుకుని కొనాలని చెప్పడానికే ఈ వంశవృక్షం గీశాను.

ఇక నా అపరాధం.

పదవీ విరమణ తరువాత, 2002లో, నాన్నగారు ఒక డీజిల్ ఎస్‌యూవీ కొన్నారు. "జీపు కొడుకు" అని దానికి పేరు పెట్టుకున్నారు. పదకొండేళ్ళు నడిపారు. 2013లో ఆయన పోయాక బండి నాకు వచ్చింది. నేను దాన్ని ఆస్తిగా తీసుకున్నానే తప్ప బాధ్యతగా తీసుకోలేదు. సర్వీసుకు ఇవ్వడం, తెచ్చుకోవడం, అంతే. 2016 ఏప్రిల్‌లో మిర్యాలగూడ వెళుతూ దారిలో కూలెంటు తగ్గిందని తెలిసి, ఒక పొలం దగ్గర బోరు నీళ్ళు పట్టి పోశాను. అది మొదటిసారి కూడా కాదు. అంతకు ముందు రెండుసార్లు అలాగే చేశాను. ఆ ఎండలో ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత దాటినా, ఇంకో పది కిలోమీటర్లే కదా అని పోనిచ్చాను. హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ వంగింది, నీళ్ళు ఆయిలులో కలిసి ఇంజను పట్టేసింది. విప్పి చూసిన మేస్త్రీ రేడియేటరు గొట్టాల్లో తెల్లగా పేరుకున్న సున్నాన్ని గోటితో గీకి నా అరచేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు.

ఇంజను మార్పించే ఖర్చు బండి విలువను మించింది. తుక్కుకు ఇచ్చే రోజున డాష్‌బోర్డు అర ఖాళీ చేస్తుంటే నోటుపుస్తకం దొరికింది. పదకొండేళ్ళ లాగుబుక్కు. ప్రతి ఆయిలు మార్పూ, ప్రతి బెల్టూ, టైర్లను ఒక చోటి నుండి మరో చోటికి మార్చిన తేదీలూ ఉన్నాయి. ఒక పేజీలో ఎర్రసిరాతో, "డిస్టిల్డ్ వాటరు తప్ప మరొకటి పోయరాదు" అని రాసి కింద రెండు గీతలు గీశారు. అది మూడేళ్ళుగా నా మోకాళ్ళకు జానెడు దూరంలోనే ఉంది.

అందుకే ఈసారి కొనేటప్పుడు షోరూములో నేనడిగిన ప్రశ్నలు వేరు. ఈ ఇంజను ఎన్నేళ్ళ నుండి తయారవుతున్నది? ఇంకా ఏ బండ్లలో ఇదే వాడుతున్నారు? తోబుట్టువులు ఎక్కువున్న బండికి పదిహేనో ఏట కూడా భాగాలు దొరుకుతాయి. విల్లీస్, ఫోర్డు జీపుల నాటి సూత్రమే ఇది. కంపెనీ దేశంలో నిలిచేదేనా అన్నది మరో ప్రశ్న. 2017లో షెవర్లే మన దేశంలో అమ్మకాలు ఆపింది, 2021లో ఫోర్డు ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. విడిభాగాలకు ఏర్పాట్లు చేసినా, యజమానుల మనసులో బెంగ మాత్రం మొదలయింది.

డీజిలా, పెట్రోలా అన్న నిర్ణయం 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మరింత జాగ్రత్తగా చేయవలసినదైంది. డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. అది నిండినప్పుడు మసిని కాల్చుకోవడానికి వేడి కావాలి. ఆ వేడి తెరిపిలేని వేగంతో కొంత దూరం పోతేనే పుడుతుంది. రోజూ రెండు కిలోమీటర్లు పోయి ఆగేవారి డీజిల్ బండిలో అది మూసుకుపోతుంది. నేను తరచూ హైదరాబాదు నుండి మిర్యాలగూడ దాకా పోయివస్తాను కనుక డీజిలే తీసుకున్నాను. లేకుంటే పెట్రోలే కొనేవాణ్ణి.

పోషణ విషయంలో నేను నేర్చుకున్నది క్లుప్తంగా చెబుతాను. కంపెనీ పుస్తకం సగటు దారులకు రాసినది. దుమ్ములో, ఎండలో, ట్రాఫిక్కులో తిరిగే బండికి ఆ పుస్తకంలోనే కఠిన వినియోగం కింద వేరే గడువులుంటాయి. వాటినే పాటించాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక కిలోమీటర్లతో పనిలేకుండా రెండేళ్ళకోసారి మార్చాలి. టైరు అరగకపోయినా ముసలిదవుతుంది. దాని పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనుకు గడువు దాటనివ్వడం ఆత్మహత్యతో సమానం. వానాకాలం వెళ్ళగానే అడుగుభాగం బురద కడిగించాలి, తుప్పు అక్కడే మొదలవుతుంది.

చట్టం కూడా ఆయుర్దాయంలో భాగస్వామి. పదిహేనేళ్ళకు రిజిస్ట్రేషను ముగుస్తుంది. తరువాత అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. కారుకు ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయలకు బదులు 5,000 అయింది. ప్రభుత్వపు సొంత వాహనాలకైతే ఆ అవకాశం కూడా లేదు: 2023 ఏప్రిల్ నుండి పదిహేనేళ్ళు నిండినవాటిని తుక్కు చేయవలసిందే. ఈ లెక్కన చాచా జీపు లాంటిది ఇక ఏ ఆఫీసు ముందూ ముసలిది కాజాలదు.

నాన్నగారి నోటుపుస్తకంలో సగం పేజీలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. కొత్త బండి ఇంటికి వచ్చిన రాత్రి, ఆయన రాసిన చివరి పంక్తి కింద ఒక గీత గీసి, తేదీ వేసి, మీటరు అంకె రాశాను. సర్వీసు వివరాలన్నీ ఫోనులోనే ఉంటాయి కదా, ఇదెందుకని మా అమ్మాయి అడిగింది. ఎర్రసిరా పేజీ తీసి చూపించాను. చదివి, పుస్తకాన్ని డాష్‌బోర్డు అరలో కాక డ్రైవరు తలుపు జేబులో, కనబడేటట్టు పెట్టింది.